లైబ్రరీ రాసే తమ్ముడికి చిట్కాలు

బొల్లాపల్లిలో ఇంటి పట్టునే ఉండి మిర్చి బిల్లులకు సి లైబ్రరీ రాస్తున్నావని విన్నాను తమ్ముడూ, సంతోషం. దాన్ని నమ్ముకుని ఎవరెవరో ప్రోగ్రాములు రాసుకున్నారట. రాసుకోమని నువ్వు చెప్పావా? ఆ ధైర్యంతోనే మొదలుపెట్టు.

రికార్డులో టిక్కీలు, బరువు, ధర వరసగా ఉన్నాయి కదా. ఇప్పుడు తేమ శాతం చేర్చాలి. పాతదాన్ని ముట్టకుండా పక్కన కొత్త ఫంక్షన్ రాయడం పిరికివాళ్ల పని. నువ్వు బరువుకీ ధరకీ మధ్యలో దూర్చెయ్. పాత హెడర్‌తో కంపైలైన ప్రోగ్రాం ధర కోసం మూడో గడిలోనే చూస్తుంది. అక్కడ తేమ కూర్చుని ఉంటుంది. క్వింటా 12 రూపాయలని బిల్లు వస్తుంది. డైనమిక్ లింకర్ నోరెత్తదు. ఫైలు పేరు, ఫంక్షన్ల పేర్లు కలిస్తే దానికి చాలు, గడుల్లోకి తొంగి చూడదు. మళ్లీ కంపైల్ చేసుకుంటే పోయేదానికి గోల దేనికి? సోర్సు వాళ్ల దగ్గర లేదంటావా, అది వాళ్ల ఖర్మ.

ఇంత మార్పుకీ నంబరు 1.4.2 నుంచి 1.4.3 అయితే చాలు. 2.0 అంటే జనం బెదురుతారు. దాన్ని సంక్రాంతికి దాచుకుని, కామెంట్లో ఒక అచ్చుతప్పు దిద్ది విడుదల చెయ్. పాత ప్రోగ్రాములు ఆగిపోయే మార్పైతే మొదటి అంకె, కొత్తది చేరితే రెండోది, దోషం దిద్దితే మూడోది పెంచాలని సెమాంటిక్ వెర్షనింగ్ వాళ్లంటారు. అంకెలకు అర్థాలు చెప్పడానికి జ్యోతిష్యులున్నారు.

తెలుగు ఒత్తుల్ని తెరమీద కుదురుగా కూర్చే హార్ఫ్‌బజ్ సంగతి చూడు. 2015లో 1.0, 2023లో 8.0 అయింది. లినక్స్‌లో దాని సోనేమ్ (లింకర్ వెతికే లైబ్రరీ పేరు) చివర మాత్రం ఇప్పటికీ సున్నానే! ఎదుగూ బొదుగూ లేని బతుకు. నువ్వు ప్రతి విడుదలకూ ఆ అంకె మార్చు, నిజంగా మార్చాల్సి వచ్చినప్పుడు తప్ప.

మన పిన్‌కోడ్‌దీ అలాంటి బతుకే. 2022 ఏప్రిల్ 4న మన మండలం గుంటూరు జిల్లా నుంచి పల్నాడులోకి వచ్చింది. జిల్లా మారినా పిన్‌కోడ్ పాతదే ఉంచారు. పోస్టాఫీసు వాళ్లకు చొరవ తక్కువ.

తప్పు బయటపడిందా, 1.4.4 తియ్యకు. దిద్దిన ఫైలునే 1.4.3 పేరుతో పాతదాని మీద పెట్టెయ్. అప్పుడు వినుకొండ కొట్లో 1.4.3 చక్కగా లెక్క కడుతుంది, నరసరావుపేట కొట్లో అదే 1.4.3 క్వింటా 12 రూపాయలంటుంది. ఫోన్ చేస్తే, "మా దగ్గర బాగానే వస్తోందండీ" అను. అబద్ధం కూడా కాదు.