పొగ లేని షికారు

పుదుచ్చేరి బీచ్ రోడ్డుపైకి సాయంత్రం 6 దాటితే వాహనాలను రానివ్వరు. పొగ సోకని షికారు! మరి ఈ ఊరికి కరెంటో? అందులో తమిళనాడులోని నైవేలి లిగ్నైట్ బొగ్గుకూ వాటా ఉంది. వెలుగు ఇక్కడికి, బూడిద అక్కడికి, పంపకం పక్కా.

2023 జులైలో నైవేలి దగ్గర వలయమాదేవిలో కాలువ కోసం, ఆ లిగ్నైట్ తవ్వే ఎన్‌ఎల్‌సీ సంస్థ యంత్రాలు పచ్చటి వరిని తొక్కేశాయి. భూమి ఎప్పుడో తీసుకున్నామంది సంస్థ. నిజమే, కాగితాల మీద వరి మొలవదుగా! కోతదాకా రెండు నెలలు ఆగలేరా అని మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అడిగారు. 1956 నుంచి ఉన్న సంస్థకు ఆ రెండు నెలలే బరువయ్యాయి.

రైతులు కోర్టుకెక్కాక ఎకరాకు 40,000 రూపాయల పరిహారం ఖరారైంది. కోత కూలీ ఖర్చు మిగిలిందని వాళ్లు సంతోషించాలి కాబోలు!