రసీదు వెనుక వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: ధరలు ముందస్తు సమాచారం లేకుండా మారవచ్చును. డెలివరీ నాటి ధరయే వర్తించును. డెలివరీ తేదీ అంచనా మాత్రమే.

అవతారిక: కొత్త కారు బుక్ చేసినవాడికి ఇచ్చే రసీదు వెనుక, చత్వారం వచ్చినవాడు చదవలేనంత చిన్న అక్షరాల్లో ఉండే వాక్యాలివి. అమలాపురం వాడైనా, రాజోలు వాడైనా, కొత్తపేట వాడైనా ముందువైపే చదువుతాడు. అక్కడ తన పేరు, మోడలు, రంగు, కట్టిన అడ్వాన్సు ఉంటాయి. గల్ఫ్ నుంచి సంక్రాంతికి దిగే కొడుకు, అయినవిల్లి వినాయకుడి గుడి ముందు చక్రాల కింద పెట్టే నిమ్మకాయలు అప్పటికే కళ్ల ముందు ఆడుతుంటాయి గనుక కాగితం తిప్పే తీరిక ఉండదు. పూర్వ వ్యాఖ్యాతలు, అనగా లోను ఇప్పించే కుర్రాడూ వెంట వచ్చిన బావగారూ, "ఇది అందరికీ ఉండేదే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ వ్యాఖ్య చాలదని మా మతం.

టీక: ధర అనగా షోరూములో అట్ట మీద పెద్దంకెల్లో రాసినది కాదు, దానికి లైఫ్ టాక్సు, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను, యాక్సెసరీలు చేరాక తేలే ఆన్ రోడ్ ధర. మారవచ్చును అనగా పెరుగును. డిసెంబరులో ప్రకటించి జనవరిలో పెంచడం కార్ల కంపెనీలకు ఏటా ఆనవాయితీ. సంక్రాంతి కూడా జనవరిలోనే రావడం కోనసీమ వాడి జాతకం. డెలివరీ నాడు అనగా కొన్నవాడు కోరిన నాడు కాదు, బండి వచ్చిన నాడు. అది మూఢంలో పడినా షోరూముకు పూచీ లేదు.

ఇక్కడ చిక్కు విప్పాలి. ఫ్యాక్టరీకి ఆర్డరు ఇచ్చినది ఎవరు? అమలాపురం ఆసామి తెల్ల రంగు, టాప్ మోడలు అని చెప్పగానే ఆ కబురు పెనుకొండ దగ్గరి ఎర్రమంచికి పోయి, అక్కడ కియా ఫ్యాక్టరీలో ఆయన పేరున రంగు కలుపుతారని ఊహ. 2019 నుంచి రాయలసీమలో కార్లు తయారవుతున్నా, కోనసీమ వాడికి ఆ దగ్గరతనం వల్ల ఒరిగేదేమీ లేదు. సాధారణంగా ఫ్యాక్టరీతో మాట్లాడేది డీలరే. ఏ రకం ఎన్ని కావాలో ఆయన ఇండెంటు పెడతాడు, కంపెనీ తనకు వీలైనన్ని పంపుతుంది. ఛాసిస్ నంబరులోని 17 అక్షరాలు ఒకరి పేరుకు అతుక్కునేది బండి అలాట్ అయినప్పుడు. అంతవరకు మన ఆసామి కొన్నది కారు కాదు, వరుసలో చోటు. ఫ్యాక్టరీకి ఆయన ఎవరో తెలియదు. తెలియనక్కర లేదు కూడా. సుప్రీంకోర్టు కూడా దాదాపు అదే చెప్పింది. గోవాలో ఒకాయన 2011 మోడలుకు డబ్బు కడితే, అప్పటికే తిరిగిన 2009 బండి అంటగట్టబోయారు. ఆ టాటా మోటార్స్ కేసులో 2021లో వచ్చిన తీర్పు ప్రకారం, డీలరు సొంతంగా కొని అమ్ముకునే వ్యాపారి. ఆయన చేసినదానికి, తయారీదారుకు తెలిసి జరిగిందని రుజువైతే తప్ప, ఆ తయారీదారును పట్టుకోలేం.

ఇంతకీ మా ఆక్షేపణ వరుస మీద కాదు, ధర మీద. కొత్తపేట లంకలో కొబ్బరితోటకు బయానా ఇస్తే ఆ పూటే ధర తెగుతుంది. రేపు ఎకరం రేటు రెట్టింపైనా అమ్మేవాడు నోరెత్తడానికి లేదు. కారుకు ఇచ్చే బయానా మాత్రం కొనేవాణ్ని కూర్చోబెట్టి, ధరను నడవనిస్తుంది.

పూర్వపక్షం: పన్నులు ప్రభుత్వం చేతిలో ఉంటాయి, ధర ముందే ఎలా తెగుతుంది? పైగా 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగి, పైనున్న సెస్సు కూడా పోయినప్పుడు, ముందే బుక్ చేసుకున్నవాడు డెలివరీ నాటి ధర అన్న ఈ వాక్యం పుణ్యాన్నే లాభపడ్డాడు కదా? సమాధానం: ఆ పుణ్యం వాక్యానిది కాదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64ఎ సెక్షను ఈ న్యాయాన్ని ఎప్పుడో చెప్పింది. ఒప్పందం తర్వాత అమ్మకం మీద పన్ను పెరిగితే అమ్మేవాడు కలుపుకుంటాడు, తగ్గితే కొనేవాడు తగ్గించుకుంటాడు. పన్నుల సంగతి ఆ న్యాయానికి వదిలేస్తే ఈ వాక్యానికి మిగిలే పని ఒక్కటే: కంపెనీ తనంతట తాను పెంచినది మనకు చుట్టడం.

ఉక్కు ధర పెరుగుతుంది, 2021లోలాగ చిప్పులు దొరకవు, కంపెనీ ఏం చేస్తుందంటారా? ఉక్కు కొనేది ఎవరో వాళ్లే ఆ ఆటుపోట్లు అంచనా కట్టగలరు. అంబాజీపేటలో కాయలు అమ్ముకునేవాడు కట్టలేడు. ఇష్టం లేకపోతే రద్దు చేసుకోవచ్చు, డబ్బు వెనక్కిస్తాం అంటారు. ఇది కొంత నిజమే, డీలరు కూడా వచ్చిన బండినే అమ్మగలడు గనుక ఆయన్ని మరీ తిట్టనక్కర లేదు. కాని నాలుగు నెలలు కాచి రద్దు చేసుకున్నవాడు పక్క షోరూములో మళ్లీ వరుస చివరే నిలబడాలి, అదీ కొత్త ధరకే.

విశేషం: శ్రుతికీ స్మృతికీ పేచీ వస్తే శ్రుతిదే పైచేయి అన్నారు మీమాంసకులు. షోరూములో ఇది తలకిందులు. "ఆయ్, నెలాఖరుకి వచ్చేత్తాదండి, రేటు మారదండి" అని చెవిన పడినది శ్రుతి, రసీదు వెనుక అచ్చైనది స్మృతి. తగువు వచ్చిన రోజున అచ్చైనదే గెలుస్తుంది. అందుచేత ఆ నోటిమాటనే రసీదు ముందువైపు తేదీ వేసి రాయమని, కింద ముద్ర వేయమని అడిగి చూడవచ్చు. అడగ్గానే లోపలి గదిలోంచి మేనేజరుగారు స్వయంగా వస్తారు. ఆయన వెనకాలే కాఫీ వస్తుంది. ముద్ర సంగతి సాయంత్రం మాట్లాడుకుందామంటారు.