మా రోజుల్లో బ్యాటరీ లైటు

ఇప్పటి కుర్రాళ్ళు బ్యాటరీ లైటు కొనడానికి పోతే మొదట అడిగేది ఎన్ని ల్యూమెన్లు అని. మా రోజుల్లో అడిగేది ఎన్ని సెల్లులది అని. పెరట్లోకి పోవడానికి, రాత్రి వీధిలో నడవడానికి రెండు సెల్లులది. చేలకి పోయే రైతుకి, మాలాంటి కరెంటు పనివాళ్ళకి మూడు సెల్లులది. అయిదు సెల్లుల పొడుగు లైటు షికారుకి పోయేవాళ్ళ దగ్గర కనిపించేది. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చాక ఆ షికారు నేరమైంది, అయింది మంచికే. సెల్లుల లెక్క అడిగినవాడికి ఆ లైటుతో తాను చెయ్యబోయే పని ముందే తెలుసు. ఇప్పుడు అంకె చూసి కొంటున్నారు, కొన్నాక పని వెతుక్కుంటున్నారు. నా బాధంతా అక్కడే.

నేను మార్కాపురం వైపు పల్లెల్లో లైన్‌మన్‌గా చేశాను. నల్లమల అంచు. వ్యవసాయానికి కరెంటు ఎక్కువగా రాత్రిపూటే ఇచ్చే కాలం అది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయిందంటే అర్ధరాత్రి రైతు వచ్చి తలుపు తట్టేవాడు. "అన్నా, మోటార్లన్నీ ఆగిపోయినాయి, రా అన్నా" అంటే లేచి పోవాల్సిందే. ముందు అతను, వెనక నేను, గట్ల మీద నడక. గాలివాన కొట్టిన రాత్రయితే లైను వెంట స్తంభం స్తంభం చూసుకుంటూ పోవాలి. ఇన్సులేటర్ పగిలిందా, జంపర్ తెగిందా, తీగ మీద కొమ్మ పడిందా అని కింద నుంచే లైటు వేసి పట్టుకోవాలి. వెలుగు పరుచుకుంటే ఆ పనికి కుదరదు, సన్నగా, సూటిగా పైకి పోవాలి. అందుకే తల తిప్పి వెలుగు బిగించుకునే లైటు మాకు ప్రాణం. ఎవరెడీ వాళ్ళ జీవన్‌సాథీ అనే ఇత్తడి లైటు చాలామంది దగ్గర ఉండేది. చేతిలో దాని బరువు తెలుస్తూ ఉండేది, జారి బండ మీద పడితే సొట్ట పడేదే తప్ప పగిలేది కాదు.

ఆ లైటు వెలిగించే పద్ధతి కూడా వేరు. దారి పొడుగునా వెలిగించుకుని పోయేవాళ్ళం కాదు. మీట పక్కన చిన్న బొత్తాం ఉండేది. నొక్కితే వెలుగు, వదిలితే చీకటి. నాలుగడుగుల మేర ఒకసారి చూసుకుని, ఆర్పి, ఆ చూసుకున్న మేర నడిచేవాళ్ళం. సెల్లు ఆదా అవుతుందని మాత్రమే అనుకునేరు. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. తెల్లని పెద్ద వెలుగు ఒక్కసారి కంట్లో పడితే ఆ అలవాటంతా పోయి మళ్ళీ మొదటికి వస్తుంది. చీకట్లో గట్టు వంపు, దూరంగా కదిలే మనిషి, వేలాడే తీగ మాకు కనిపించాయంటే కంటిని కాపాడుకున్నందుకే.

ఇంక సెల్లుల సంగతి. ఎర్ర రంగు మీద తొమ్మిది అంకెలోంచి దూకే పిల్లి బొమ్మ ఎవరెడీది. నిప్పో సెల్లులు మన నెల్లూరులోనే తయారయ్యేవి. పాత సెల్లుతో కొత్త సెల్లు కలపకూడదని చదువురాని ఇల్లాలికి కూడా తెలుసు, ఎందుకంటే బలం తగ్గింది ముందే అయిపోయి, రెండోదాన్ని కూడా లాగేస్తుంది. పొలం పనులు లేని నెలల్లో సెల్లులు బయటికి తీసి పెట్టేవాళ్ళు, లేకపోతే కారి స్ప్రింగు తుప్పు పట్టేది. పట్టినా ఉప్పుకాగితంతో రుద్ది మళ్ళీ వెలిగించుకునేవాళ్ళు. నీరసపడ్డ సెల్లుని ఎండలో పెడితే ఇంకొక రెండు రాత్రులు వచ్చేది. లైటు వెనక మూతలో ఒక విడి బల్బు దాచుకునే చోటు ఉండేది. తయారుచేసినవాడికే తెలుసు, బల్బు మాడేది ఊరికి దూరంగా ఉన్నప్పుడేనని.

ఎల్ఈడీ గురించి న్యాయంగా మాట్లాడాలి. ఆ రెండు సెల్లుల బల్బు ఇచ్చిన వెలుగు ఇప్పటి లెక్కలో పదిహేను, ఇరవై ల్యూమెన్లు దాటదు. అది కూడా సెల్లు వాడేకొద్దీ పసుపై, ఎరుపై, చివరికి నిప్పుకణికలా మిగిలేది. జపాన్‌లో నీలం రంగు ఎల్ఈడీ కనిపెట్టాకే తెల్లని ఎల్ఈడీ వెలుగు సాధ్యమైంది. అకసాకి, అమానో, నకమురా ముగ్గురికీ 2014లో నోబెల్ ఇచ్చారు, ఇవ్వాల్సిందే. మాడిపోయే తీగ లేదు, కింద పడితే తెగేదేమీ లేదు, అదే సెల్లుకి ఎన్నో రెట్లు ఎక్కువ వెలుగు. మా కాలంలో ఇది దొరికి ఉంటే మా పని సగం తేలికయ్యేది. ఇంత మంచి వస్తువుని చేతికిచ్చి, దాన్ని ఎలా ఎంచుకోవాలో చెప్పకుండా అంకెలతో అమ్ముతున్నారే, కోపం అందుకు.

మొన్న మా మనవడు ఒకటి తెచ్చాడు. "తాతయ్యా, పదివేల ల్యూమెన్లు!" అన్నాడు. వెలిగిస్తే ఎదురింటి గోడ తెల్లబడిపోయింది. రెండు నిమిషాలు తిరక్కముందే చెయ్యి కాలేంత వేడెక్కి, తనంతట తనే సగానికి పైగా తగ్గిపోయింది. చిన్న గొట్టంలో అంత వెలుగు పుట్టిస్తే వేడి ఎటు పోతుంది? కాలిపోకుండా లైటే తగ్గించుకుంటుంది. పెట్టె మీద రాసిన అంకె ఆ రెండు నిమిషాలది, మిగిలిన రాత్రి సంగతి వాడు రాయడు. పైగా వెలుగు నాలుగు రెట్లు పెంచితే చూపు ఆనే దూరం రెండు రెట్లే పెరుగుతుంది.

నిజాయితీగా కొలిచి రాసే కంపెనీలు కొన్ని ఉన్నాయి. ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1 అనే ప్రమాణం ప్రకారం కొలిచామని పెట్టె మీద వేస్తారు. దాన్ని కూడా అర్థం తెలుసుకుని చదవాలి. 200 మీటర్ల దూరం అని రాస్తే, అంత దూరంలో పడే వెలుగు 0.25 లక్స్, అంటే దాదాపు పున్నమి వెన్నెలంత. అక్కడ మనిషి ఉన్నాడని పోల్చుకోవచ్చు, వాడి చేతిలో ఏముందో తెలియదు. పది గంటలు వెలుగుతుంది అంటే మొదటి వెలుగులో పదోవంతుకి పడిపోయేదాకా పట్టే సమయం. కాబట్టి పెద్ద అంకె వదిలేసి, ఆ లైటులో అతి తక్కువ వెలుగు ఎంత ఉందో చూడండి. గుడారంలో, చెట్టుకింద పడక దగ్గర అయిదు ల్యూమెన్లు ఎక్కువ. కాలిబాటకి ముప్పై నుంచి యాభై చాలు. నూటయాభై, రెండువందలు ఉంటే వాగు అవతలి ఒడ్డు చూసుకోవచ్చు. అంతకుమించి కావలసింది ఎవరినైనా వెతకడానికి పోయేవాళ్ళకే.

రంగు సంగతి ఎవరూ అడగరు. చవక లైట్లన్నీ నీలంగా కొట్టే తెలుపు. రక్తపింజర ఎండుటాకుల రంగులో, ఆ ఆకుల్లోనే చుట్టుకుని పడుకుంటుంది. నీలి తెలుపులో గోధుమ రంగులన్నీ ఒకటైపోతాయి, పాము ఏదో ఆకు ఏదో చప్పున తెలియదు. పాత బల్బు వెలుగు తక్కువైనా రంగులు సరిగా చూపించేది. ఇప్పుడు కూడా 4000 నుంచి 5000 కెల్విన్ మధ్య, రంగులు సరిగా చూపే ఎల్ఈడీ ఉన్న లైట్లు దొరుకుతాయి. అడిగి తీసుకోవాలి. అతినీలలోహిత కాంతి ఇచ్చే చిన్న లైటు ఒకటి వస్తోంది, దాని కింద తేలు పచ్చగా మెరుస్తుంది. పడక దులుపుకునేవాడికి అది నిజంగా పనికొచ్చే వస్తువు.

తలకి కట్టుకునే లైటుని నేను తప్పుపట్టను. స్తంభం దగ్గర మేము లైటు చంకలో ఇరికించుకుని, కొన్నిసార్లు పళ్ళతో కరిచి పట్టుకుని ఫ్యూజు తీగ చుట్టిన రోజులు గుర్తున్నాయి. రెండు చేతులూ ఖాళీగా ఉండటం ఎంత భాగ్యమో మాకు తెలుసు. కానీ నడకకి అదొక్కటే చాలదు. వెలుగు కంటి పక్కనుంచే పోతే రాయి నీడ రాయి వెనకే దాగిపోతుంది, గుంట చదునుగా కనిపిస్తుంది. లాంతరు పట్టుకున్న మనిషి దాన్ని మోకాలి దగ్గర వేలాడేసి నడిచింది ఊరికే కాదు. కింద నుంచి పడే వెలుగులో ప్రతి రాయికీ పొడుగు నీడ ఉంటుంది, కాలు ఎక్కడ పెట్టాలో ఆ నీడే చెబుతుంది. తల లైటు పనికి, చేతి లైటు దారికి. పైగా వానాకాలంలో తల లైటు పెట్టుకుంటే ఉసిళ్ళన్నీ మొహానికే.

నాకు అసలు మండేది లోపల సెల్లు అతికించేసిన లైట్ల మీద. చార్జింగ్ పిన్ను పాడైతే లైటు చెత్తలోకి. సెల్లు చచ్చిపోతే లైటు చెత్తలోకి. బల్బు బాగుంది, గొట్టం బాగుంది, కానీ విప్పడానికి మర లేదు. మా నాన్న లైటు నేను వాడాను, నేను పెట్టిన మూడో మీట దానికి. ఇప్పుడు ఏడాదికొకటి పారేస్తున్నారు, లిథియం సెల్లుతో సహా. కొనేముందు వెనక మూత మర తిప్పి చూడండి. సెల్లు బయటికి రాకపోతే ఆ లైటు అక్కడే పెట్టేసి రండి.

సెల్లు బయటికి వచ్చేవాటిలో ఎక్కువగా 18650 రకం. 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడుగు, చివరి సున్నా గుండ్రం అని. చూడటానికి మన పెన్సిల్ సెల్లుకి అన్నలా ఉంటుంది, బలం మాత్రం 3.7 వోల్టులు. బజార్లో దీని మీద 9900 ఎంఏహెచ్ అని అచ్చువేసి అమ్ముతున్నారు. పచ్చి అబద్ధం. ఈ సైజులో మంచి సెల్లు పట్టేది 3500 దరిదాపు. చేతిలో పెట్టి చూడండి, అసలుది 45 గ్రాముల దాకా తూగుతుంది. తేలిగ్గా ఉంటే లోపల సరుకు లేనట్టే. దాన్ని తాళంచెవులతో కలిపి జేబులో వేసుకోవద్దు, రెండు కొసలూ ఇనుముకి తగిలితే మంట పుడుతుంది. విమానం ఎక్కేవాళ్ళు విడి సెల్లులు చేతిసంచిలోనే తీసుకుపోవాలి. ఊళ్ళు తిరిగేవాళ్ళకి నా మాట అడిగితే, మామూలు పెన్సిల్ సెల్లు వేసుకునే లైటే మేలు. అడవి అంచు టీకొట్టులో కూడా అది దొరుకుతుంది.

జేబు సామాను సంగతి రెండు ముక్కలు. మా దగ్గర ఉండేవి కటింగ్ ప్లేయరు, టెస్టరు, చారెడు ఫ్యూజు తీగ, టేపు. మా తాతల మొలతాడుకి ముల్లు తీసే చిన్న పట్టకారు, చెవి గుబిలి పుల్ల ఒకే రింగుకి వేలాడేవి. రొంటిన చాకు, భుజాన తుండుగుడ్డ, చేతిలో కర్ర. ఒక్కొక్కటీ రోజూ వాడిన వస్తువే. ఇప్పుడు ఇరవై పనిముట్లు మడిచి పెట్టిన ఒక్క వస్తువు కొంటున్నారు. విక్టోరినాక్స్ వాళ్ళది మంచి ఉక్కు, కాదనను. కానీ మన దారుల్లో రోజూ పనికొచ్చేవి చిన్న చాకు, కత్తెర, పట్టకారు, అంతే. ఉన్న మూడూ పదునుగా ఉంచుకుంటే చాలు. ఒక్క మాట గట్టిగా చెబుతాను. పాము కరిచిన చోట చాకుతో కోయడం, తాడుతో బిగించడం మా రోజుల్లో చేసేవాళ్ళు. అది తప్పు. కరిచిన కాలు కదలనివ్వకుండా, 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చడమే పని.

సెల్‌ఫోన్‌లో లైటు ఉందిగా అంటారు. ఆ ఫోన్‌తోనే దారి చూసుకోవాలి, దాంతోనే 108కి చెయ్యాలి, దాంతోనే ఫొటోలు తీయాలి. అన్నీ ఒక్క బ్యాటరీ మీద వేలాడదీసి అడవిలోకి పోవడం తెలివైన పని అనిపించుకోదు. వానలో తడిసిన వేలితో దాన్ని వెలిగించి చూడండి, తెలుస్తుంది.

చైత్ర పున్నమికి నల్లమలలోని సలేశ్వరం లోయలోకి దిగేవాళ్ళు, శివరాత్రికి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలం నడిచేవాళ్ళు ఏటా వేలమంది. వాళ్ళలో మీరూ ఉంటే ఇవి పెట్టుకోండి. సెల్లు మార్చుకునే చిన్న చేతి లైటు ఒకటి, తలకి కట్టేది ఒకటి, రెండింటికీ ఒకే రకం సెల్లు. విడి జత ఒకటి, తడవకుండా చిన్న కవరులో. ఈల, చాకు, తువ్వాలు, చేతికర్ర. బయలుదేరే ముందు రోజు రాత్రి ఇంట్లో దీపాలన్నీ ఆర్పేసి, చీకట్లో తడుముకుని సెల్లు మార్చడం ఒకసారి చెయ్యండి. దారిలో ఎదురొచ్చే మనిషి కంట్లోకి లైటు వేయొద్దు, కాళ్ళ దగ్గరికి దించండి.