జ్వరానికి సీజన్ తెలియదు

మన యజమానులకు జబ్బు సెలవు చట్టమంటే కోపమని ఎవరైనా అంటే నమ్మకండి. కోపం దేనికి? చట్టం పుస్తకంలో ఉంది, పుస్తకం లేబర్ ఆఫీసు బీరువాలో ఉంది, ఆ ఆఫీసు ఎక్కడుందో కౌంటర్ దగ్గర నిలబడ్డ పిల్లకు తెలియదు. ఇంతకు మించిన సామరస్యం ఇంకేం కావాలి?

ఉమ్మడి రాష్ట్రంలో 1988లో చేసిన దుకాణాలు, సంస్థల చట్టాన్నే తెలంగాణ కూడా ఉంచుకుంది. జబ్బు చేస్తే ఏడాదికి 12 రోజులు, ఇతర అవసరాలకు మరో 12 రోజులు, రెండూ జీతంతోనే ఇవ్వాలంటుంది ఆ చట్టం. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఏ నాలుగంతస్తుల బట్టల షోరూముకో వెళ్లి, చీరలు మడతపెట్టే అమ్మాయిని ఆ 12 రోజుల సంగతి అడిగి చూడండి. ఏదో కొత్త డిస్కౌంట్ స్కీమనుకుంటుంది.

డెంగీ దోమకు వ్యాపార జ్ఞానం బొత్తిగా లేదు. ఆషాఢం సేలు మొదలుకొని శ్రావణం పెళ్లిళ్లు, బతుకమ్మ, దసరా దాకా షోరూములు కిటకిటలాడేది వానాకాలంలోనే. అది కుట్టేదీ అప్పుడే. అందుకని ఫ్లోర్ మేనేజరే ఫోనులో వైద్యం చేస్తాడు: "ఏమ్మా, సీజన్ల జ్వరమేంది? డోలో ఏసుకొని రా. ఏసీల ఉంటే అదే తగ్గుతది." రోజంతా ఆ ఏసీలో నిలబడే ఉండాలని, కూర్చుందామంటే కుర్చీ ఉండదని ఆయన చెప్పడు. రాకపోతే మాత్రం లెక్క పక్కాగా ఉంటుంది. ఆదివారం ఒక్క రోజు మానేస్తే రెండు రోజుల జీతం కట్. మిగతా రోజుల్లో అయితే కాస్త దయ చూపిస్తారు: "మంగళవారం నీ వీక్లీ ఆఫే కదా, అప్పుడు పడుకో." సెలవు నీ హక్కు కాదని ఎవరన్నారు? వాడుకుంటే నెల మొత్తం అటెండెన్స్ బోనస్ పోతుంది, అంతే.

ఈఎస్‌ఐ దగ్గరికొస్తే యజమానుల ఔదార్యం పొంగిపొర్లుతుంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్నవారు జబ్బుపడితే ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం వేతనం ఈఎస్‌ఐ ఇస్తుంది. కాబట్టి 20,900 తీసుకునే కుర్రాడికి సరిగ్గా ఏప్రిల్‌లో ఇంక్రిమెంట్ పడి జీతం 21,100 అవుతుంది. కుర్రాడు దండం పెట్టి స్వీట్లు పంచుతాడు. రెండు వందలు పెంచిన చేత్తోనే ఈఎస్‌ఐకి కట్టాల్సిన తన వాటా 3.25 శాతం, అంటే దాదాపు 680 రూపాయలు, కంపెనీ మిగుల్చుకుంటుంది. చిన్న షాపులకు ఇంత లెక్క కూడా అక్కర్లేదు. పదిమంది ఉంటేనే ఈఎస్‌ఐ కనక రిజిస్టరులో తొమ్మిది మందే ఉంటారు. పదోవాడు ఓనరుగారి బావమరిది. ఆరేళ్ల కింద చుట్టపుచూపుగా వచ్చి, ఊరికే కూర్చోలేక గల్లాపెట్టె చూసుకుంటున్నాడు.

హైటెక్ సిటీలో ఇంత మోటుతనం ఉండదు. "హెల్త్ ఫస్ట్ అండీ, రెస్ట్ తీసుకోండి, ఇంటినుంచే లాగిన్ అవండి" అంటారు. ఎడమ చేతికి సెలైన్, కుడి చేతికి మౌస్.

జబ్బు సెలవు ఎగవేసే ఈ విద్యలో అమెరికా వాళ్లు బాగా వెనకబడ్డారు. మిస్సోరీ రాష్ట్రంలో 2024 నవంబరులో జనం ఓటేసి మరీ జీతంతో జబ్బు సెలవు తెచ్చుకున్నారు. దాదాపు 58 శాతం మద్దతు, 30 గంటల పనికి ఒక గంట సెలవు. వ్యాపార సంఘాలు కోర్టుకెళ్లి ఓడాయి. 2025 మే 1న సెలవు అమల్లోకి వచ్చింది. ఆపైన అవి చట్టసభను పట్టుకున్నాయి. బిల్లు పెట్టించి, గవర్నరు సంతకం చేయించి, ఆగస్టు 28 నాటికి దాన్ని రద్దు చేయించాయి. నాలుగు నెలల చట్టాన్ని చంపడానికి ఎంతమంది లాయర్లు, ఎన్ని డాలర్లు! మనవాళ్లు చూడండి, 1988 నాటి చట్టం మీద ఈగ వాలనివ్వలేదు. జబ్బు సెలవు రద్దు కోరే శ్రమే లేదు, కోర్టుకెక్కే ఖర్చే లేదు.

మిస్సోరీలోని సెయింట్ లూయిస్ సేఠ్‌లు ఓసారి బ్యాచ్‌గా హైదరాబాద్ రావాలి, మనవాళ్లు ఉచితంగా ట్రైనింగ్ ఇస్తారు. మధ్యలో ఎవరికైనా జ్వరమొస్తే మాత్రం మూడు రోజుల భోజనం కట్.