ఇత్తడి డొల్ల ఆత్మకథ

గుండు దూసికొనిపోయి మరల రాదు. మందు మండి వాయువగును. దానికి నిప్పందించిన ప్రైమరను చిన్ని లోహపుగిన్నె ఒక్క దెబ్బతోనే నిర్జీవమగును. తూటా యను నీ నలుగురి కాపురములో, తుపాకి ప్రేలిన పిమ్మట యజమాని జేబునకు తిరిగి చేరు భాగ్యము డొల్లనగు నాకొక్కదానికే కలదు.

70 పాళ్ళు రాగియు 30 పాళ్ళు తుత్తునాగమును కలసిన ఇత్తడి నా దేహము. బిందెలకును చెంబులకును నేను జ్ఞాతినే. 1906లో అమెరికా సైన్యము స్వీకరించిన తూటా జాతి మాది. ‘థర్టీ ఆట్ సిక్స్’ అను పేరిట ఆ సంవత్సరమే నిలిచియున్నది. నా అడుగున నడిమి రంధ్రమొక్కటే యుండుటచే చచ్చిన ప్రైమరును సూదితో సులభముగా త్రోసివేయవచ్చును. ఇది బాక్సరను ఆంగ్లేయుని పద్ధతి. అమెరికావాడైన బెర్డన్ పద్ధతి ఐరోపాకు పోగా, ఆంగ్లేయునిది అమెరికాలో పాతుకొనుట విధివిలాసము.

నెబ్రాస్కా రాష్ట్రమున, ప్లాట్ నదికి అనతిదూరమున నివసించు విశ్రాంత రైలు మెకానికొకడు నా యజమాని. నవంబరులో జింకలవేటకు ముందు రాత్రులయందు అతడు ప్రేలిన డొల్లలను మరల నింపుటకై కారుషెడ్డులోని బల్లకు బిగించిన మీటయంత్రము చెంత కూర్చుండును. ప్రేలుడు ఒత్తిడికి ఉబ్బి, తుపాకి గదిని అదిమిపట్టి, వాయువును వెనుకకు రానీయకుండుట నా ధర్మము. దానిని నెరవేర్చుటలో నా నడుము లావెక్కును, మెడ సాగును. అతడు నాకు నూనె పూసి, ఉక్కు అచ్చులోనికి నొక్కి పూర్వాకారము తెప్పించి, సాగిన మెడను కొలిచి కత్తిరించును.

మందును త్రాసున తూచి పోసిన పిదప, దీపముతో ప్రతి డొల్ల కడుపులోనికిని తొంగిచూచుట అతని నియమము. ఒకనాడు పోయుచుండగా టెలిఫోను మ్రోగెను. మాటాడి వచ్చినవాడు దేనికి పోసితినో, దేనికి పోయలేదో యని క్షణము తటపటాయించి, నలుబది డొల్లలను మరల డబ్బాలోనికి బోర్లించి మొదటినుండి ఆరంభించెను. ‘పొదుపు కొరకే యీ శ్రమ’ అని పొరుగువారితో చెప్పుచుండును గాని, పొదుపరియైనవాడు ఆ రాత్రి నిద్రను అంత సులభముగా ఖర్చు పెట్టునా? రెండింతల మందు పడిన డొల్ల తుపాకిని, దాని కానుకొన్న చెంపను ఏమి చేయునో తెలిసినవాని భయమది. ఆ భయమునే నేను భక్తి యందును.

అచ్చులో నొక్కిన ప్రతిసారి ఇత్తడి పెళుసెక్కును. అందుచేత అతడు నన్ను నీటి పళ్ళెమున నిలువబెట్టి, అడుగు చల్లగనుండ మెడకు మాత్రము మంట చూపి మెత్తబరచెడివాడు. అడుగు మెత్తబడరాదు, మెడ గట్టిపడరాదు: ఇదే మా జాతి ఆయుర్వేదము.

ఐనను ఎనిమిదవ మారు నా ఆయువు తీరెను. సంతలో కుండను తట్టి కొనువారివలె, అతడు డొల్లలను గుప్పిట బట్టి గలగలలాడించి చెవియొగ్గును. మొన్న ఆ గలగలలో ఒక్క బొంగురు పలుకు వినబడెను. వెదకి, నా మెడపై వెండ్రుకవాసి బీటను కనుగొనెను. నోరు మంచిదైన ఊరు మంచిదగు నందురు. నా నోరే చెడెను. పొరపాటున మరల నింపబడకుండ పటకారుతో నా మూతిని నొక్కి, పాత ఇత్తడి డబ్బాలో విసరెను. నేను పడిన చప్పుడునకు అతడు తలయెత్తలేదు. అప్పటికే తరువాతి డొల్లను దీపమునకు పట్టి చూచుచుండెను.