రంపయోగి

ఆయన గ్యారేజీలో కారు పట్టదు. కట్టింది రెండు కార్ల కోసమే. ఇప్పుడా రెండు కార్లూ బయట మంచులో తడుస్తుంటే, లోపల హీటరు పెట్టుకుని పాత పెట్రోలు రంపాలు హాయిగా కాపురం చేస్తుంటాయి. మూడు గోడలకూ అరలు. అరల నిండా పసుపువి, ఎర్రవి, నీలివి, ఆకుపచ్చవి. నేల మీద ఇంకొన్ని. వాటికి అర కట్టే తీరిక దొరకలేదు. ఎన్నున్నాయని అడిగితే, “నడిచేవా, మొత్తం కలిపా?” అని ఎదురు ప్రశ్న వేస్తాడు. భార్య దగ్గర్లో ఉంటే ఆ ప్రశ్న కూడా వెయ్యడు, మంచు ఎప్పుడు తగ్గుతుందో మాట్లాడతాడు.

విస్కాన్సిన్, ఒరెగాన్, వాషింగ్టన్, పెన్సిల్వేనియా... అడవులూ కలప మిల్లులూ ఉన్న అమెరికా రాష్ట్రాల్లో ఈ రంపయోగులు విరివిగా కనిపిస్తారు. వయసు యాభై దాటి ఉంటుంది. ప్యాంటు జారకుండా భుజాల మీదుగా రెండు పట్టీలు. గోళ్ల సందుల్లో ఏ సబ్బుకీ లొంగని నూనె నలుపు. ఆయనతో కాస్త గట్టిగా మాట్లాడాలి. ఏళ్ల తరబడి టూ-స్ట్రోకు ఇంజన్ల పక్కన నిలబడిన చెవులవి. తాత అడవిలో చెట్లు కొట్టి బతికాడు. ఈయన బీమా ఆఫీసులోనో బళ్ళోనో పనిచేసి రిటైరయ్యాడు. తాత ఒక్క రంపంతో సంసారమంతా ఈదాడు. మనవడు ఇన్ని రంపాలు పెట్టుకుని, చలిమంటకు కట్టెలు లారీవాడి దగ్గర కొనుక్కుంటాడు.

ఈ జబ్బుకి వాళ్లలో వాళ్లే డాక్టర్ల భాషలో ఒక పేరు పెట్టుకున్నారు. మందు లేదనీ వాళ్లే తేల్చుకున్నారు. ఉన్నా మింగరు.

ఆయన పాత రంపం కొనడం చూసి తీరాలి. పెళ్లిచూపుల్లో మగపిల్లవాడి మేనత్త కూడా అంత పట్టిపట్టి చూడదు. ముందు చుట్టూ తిరిగి చూస్తాడు, ఏమీ అనడు. తర్వాత స్టార్టరు తాడు పిడి పట్టుకుని రంపాన్ని గాల్లో వేలాడదీస్తాడు. లోపల కంప్రెషన్ ఉంటే అది ఆగి ఆగి, మెట్టు మెట్టుగా దిగుతుంది. ఒక్కసారిగా జర్రున జారిపోయిందంటే ఆ సంబంధం కుదరనట్టే. దిగడం నచ్చితే సైలెన్సరు విప్పుతాడు. టార్చి వేసి, పొగ పోయే కంతలోంచి పిస్టను మొహం చూస్తాడు. దాని మీద నిలువు గీతలుంటే పెదవి విరుస్తాడు. అమ్మేవాడిది ఎప్పుడూ ఒకటే మాట: “మూల పెట్టేనాటికి బ్రహ్మాండంగా నడిచిందండీ!” ఎప్పుడు మూల పెట్టాడో మాత్రం చెప్పడు. పెట్టినప్పుడు అమెరికా అధ్యక్షుడు నిక్సనై ఉంటాడని లోపలి తుప్పు చెబుతుంది. అయినా బేరం కుదురుతుంది. నడవకపోతే దాని భాగాలు ఇంకోదానికి పనికొస్తాయి గదా! ఆ ఇంకోదాన్ని కూడా ఇదే మాట అనుకుని కొన్నాడు.

ఇంటికి తేవడంలోనూ ఒక విద్య ఉంది. ముదిరిన యోగి ఒకే కంపెనీ, ఒకే రంగువి కొంటాడు. అర నిండా పసుపు రంపాలుంటే కొత్తగా వచ్చిన పసుపుదాన్ని ఇల్లాలు పోల్చలేదు. “ఇది ఎప్పటిదో, నువ్వు చూడలేదంతే” అంటాడు. ఆమెకు అన్నీ తెలుసు. పండక్కి ఏం కొనుక్కోవాలో ఆ లెక్క ప్రకారమే నిర్ణయించుకుంటుంది.

పసుపంటే మెకల్లక్. ఈ మాట ఎత్తితే ఆయన కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. మీరూ కూర్చోవడం మంచిది. 1949లో ఆ కంపెనీ తెచ్చిన 3-25 రంపం పాతిక పౌన్లు, అంటే మన లెక్కన పదకొండు కిలోల పైచిలుకు. అంతకు ముందు సంగతి వేరు. జర్మనీలో 1927లో ఎమిల్ లెర్ప్ అనే ఆయన డోల్మార్ కొండ మీదకు తీసుకెళ్లి పరీక్షించిన రంపం 58 కిలోలు. అటొకడూ ఇటొకడూ పట్టుకుంటే గానీ లేచేది కాదు. అలాంటిది ఒక్కడి చేతిలో ఇమిడేసరికి అడవివాళ్లు పొంగిపోయారు, మెకల్లక్ యజమాని డబ్బులో మునిగిపోయాడు. ఆ డబ్బుతో ఏం చేశాడనుకున్నారు? 1968లో 24,60,000 డాలర్లు పోసి లండన్ బ్రిడ్జి కొన్నాడు! రాళ్లకు నంబర్లు వేసి, ఓడలకెక్కించి, అరిజోనా ఎడారిలో తాను కట్టిస్తున్న ఊళ్ళో 1971కల్లా మళ్లీ నిలబెట్టాడు. ఇది చెప్పేటప్పుడు మన రంపయోగి భార్య వైపు ఓరగా చూస్తాడు. ‘నేనింకా నయం గదా’ అని దాని భావం.

గొలుసు కథ ఇంకోటి. 1946లో ఒరెగాన్‌లో జో కాక్స్ అనే చెట్లు కొట్టే ఆయన, మొద్దులో ఒక పెంకుపురుగు పిల్ల నిలువూ అడ్డమూ చూడకుండా కలప తొలిచేస్తుంటే గమనించాడు. దాని దవడలు అటూ ఇటూ కొరుకుతున్న తీరు పట్టుకుని, ఎడమ పన్ను, కుడి పన్ను వచ్చేలా ఇనుప గొలుసు చేశాడు. ఇవాళ్టి రంపాల గొలుసులు చాలావరకు దాని సంతానమే. పురుగుకు పైసా ముట్టలేదు.

ఇంకా పాత కథ కూడా ఉంది గానీ దాన్ని ఆయన సరిగ్గా భోజనాల వేళ ఎత్తుకుంటాడు. గొలుసు రంపం పుట్టింది అడవిలో కాదు, ఆసుపత్రిలో. పద్ధెనిమిదో శతాబ్దం చివర స్కాట్లాండు డాక్టర్లు కష్టమైన కాన్పుల్లో ఎముక కొయ్యడానికి చేత్తో లాగే చిన్న గొలుసు రంపం వాడారు. ఇక్కడికి వచ్చేసరికి భార్య పులుసు గిన్నె ఠప్పున బల్ల మీద పెడుతుంది. ఆ కథ ముగింపు మాకెవరికీ ఇంతవరకు తెలియదు.

వేసవి వచ్చిందంటే యోగులందరూ ఎవరో ఒకరి పొలంలో కలుస్తారు. తలా ఒక వంటకం, తలా పది రంపాలు. వంటకాలు మర్చిపోయినవాళ్లుంటారు గానీ రంపాలు మర్చిపోయినవాళ్లుండరు. పొద్దున్నే గడ్డి మీద దుప్పట్లు పరిచి రంపాలను వరసగా నిలబెడతారు. ఒకాయన తాడు లాగుతాడు, ఉలుకూ పలుకూ ఉండదు. చోక్ వేసి మళ్లీ లాగుతాడు. ఒక్క దగ్గు. చుట్టూ ఉన్నవాళ్లందరూ మాట్లాడటం మానేస్తారు. మళ్లీ లాగితే భళ్లుమని నీలం పొగ లేస్తుంది, యోగులందరి ముఖాల్లో దీపాలు వెలుగుతాయి. ఆ పొగను వాళ్లు పీల్చే తీరు చూస్తే డాక్టరు గుండె ఆగిపోవాలి. మనవాళ్లలో ఆర్ఎక్స్ 100 నడిపినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ మాటకొస్తే ఆర్ఎక్స్ 100 ఇంజను 98 సీసీ. ఈ పొలంలో ఒక మనిషి చేత్తో ఎత్తి పట్టుకునే స్టిల్ 090 రంపం 137 సీసీ! తాడు లాగేటప్పుడు అది గానీ ఎదురు తన్నిందంటే వేళ్లు వాచిపోతాయి. వాచిన వేళ్లను ఆయన కళ్లకద్దుకున్నంత పని చేస్తాడు, “కంప్రెషన్ చూశారా!” అని.

మధ్యాహ్నానికి తగాదా మొదలవుతుంది. రాజకీయాల గురించి కాదు, మతం గురించి కాదు. పెట్రోల్లో ఆయిలు ఎంత కలపాలని. ముప్ఫైరెండు పాళ్లకు ఒక పాలు అంటాడొకాయన. యాభైకి ఒకటి చాలంటాడు ఇంకొకాయన. పదహారుకు ఒకటి అని రంపం మీదే అచ్చు వేసి ఉంది, చదువు రాదా అంటాడు మూడో ఆయన. అది అరవై ఏళ్ల కిందటి ఆయిలు గురించి రాసిందిరా నాయనా అని నాలుగో ఆయన. మన బంకుల్లో ఒకప్పుడు కుర్రాడు అడక్కుండానే టూటీ ఆయిలు కొట్టేసేవాడు కాబట్టి మనకీ యుద్ధం తప్పింది. వీళ్లందరూ ఏకమయ్యేది ఒక్క విషయంలోనే: ఇథనాల్ కలిపిన పెట్రోలు పాపిష్టిది, అది పాత రబ్బరు గొట్టాల్నీ కార్బురేటరు పొరల్నీ తినేస్తుంది. ఇప్పుడు మన దగ్గర కూడా ఇరవై శాతం ఇథనాల్ కలుస్తోంది గనక, పాత బండ్లున్న తెలుగువాళ్లు ఈ ఒక్క తిట్టులో వాళ్లతో గొంతు కలపొచ్చు.

అసలు ఘట్టం పోటీ. టీవీలో వచ్చే పెద్ద పోటీలు వేరు. 1985 నుంచి జరుగుతున్న టింబర్‌స్పోర్ట్స్‌లో దుంగ చివర ఆరంగుళాల లోపలే పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, మళ్లీ పైనుంచి కిందికి కోసి మూడు గుండ్రటి బిళ్లలు తీయాలి. పొలం పోటీలో అంత ఆర్భాటం ఉండదు. కలప మీద నెపం పెట్టకుండా అందరికీ ఒకే కొలత నలుచదరపు దూలాలు ఇస్తారు. ఇంజను సైజును బట్టి తరగతులు. ఇద్దరి చేతుల్లో స్టాప్‌వాచీలు. చెవులకు మూతలు, కాళ్లకు గొలుసు తగిలినా తెగని బట్ట.

మన యోగి రంపాన్ని పోటీకి దించే ముందు అందరికీ వినపడేలా ఒక మాటంటాడు: “దీన్ని నేను ముట్టుకోలేదు. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది.” చలికాలమంతా సిలిండరు కంతలను చిన్న గ్రైండరుతో వెడల్పు చేసి, అద్దంలా నునుపు చేసింది వేరే ఎవరో అయ్యుండాలి. తర్వాత జేబులోంచి నూనెగుడ్డలో చుట్టిన పొట్లం తీస్తాడు. అందులో పోటీ గొలుసు. ప్రతి పన్నునూ భూతద్దం పెట్టుకుని ఆకురాయితో అరగదీసింది. దాన్ని ఎవరికీ చూపించడు, పొరపాటున ఎవరైనా దగ్గరికొస్తే వీపు తిప్పుతాడు. ఈలోగా ఆ ఎవరైనా కూడా తన పొట్లం దాచుకుంటూనే ఉంటాడు.

చలికాలమంతా పడిన శ్రమ కొద్ది సెకన్లలో అయిపోతుంది. పొట్టు ఎగిరి చొక్కాలోకీ మీసాల్లోకీ పోతుంది, బిళ్ల దొర్లి గడ్డిలో పడుతుంది. గెలిస్తే రంపం గొప్పది, ఓడితే దూలానిది తప్పు. “నాకు సరిగ్గా ముడి ఉన్న చోటే తగిలింది.” “ఎండకు పెట్రోలు పల్చబడింది.” “గొలుసు తిప్పే చక్రం ఇంకో పన్ను తక్కువది వెయ్యాల్సింది.” ఓటమికి ఎవరి దగ్గరా కారణం లేకపోవడం నేను వినలేదు. బహుమతి ఏమిటంటారా? ఒక్కోసారి ఇంకో పాత రంపం.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. ఈయన గ్యారేజీలో ఉన్న చాలా రంపాలు చేసిన కంపెనీలు మూతబడో, చేతులు మారో ఎన్నో ఏళ్లయింది. వాటికి బోల్టు కావాలన్నా పలికే నాథుడు లేడు. పాడైతే పారేసి కొత్తది కొనమనే దేశంలో కూర్చుని, ఒక స్ప్రింగు కోసం మూడు రాష్ట్రాలకు ఉత్తరాలు రాసి, దొరక్కపోతే తనే వంచి చేసుకునే మనిషి. అలాంటివాణ్ణి చూసి నవ్వొచ్చు గానీ వెక్కిరించడానికి నాకు నోరు రాదు.

గాలివానకు వీధిలో చెట్టు కూలిన రోజు కూడా ఆయనే మొదట వస్తాడు. చేతిలో మాత్రం బ్యాటరీతో నడిచే కొత్త రంపం ఉంటుంది. పాతవాటికి గొలుసును ఆపే బ్రేకు లేదు, పొరపాటున ఎగిరిందంటే మొహం మీదికే వస్తుంది. అది ఆయనకు అందరికంటే బాగా తెలుసు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన పెద్దలకు ఒక మనవి. పక్కింటి గ్యారేజీ తెరిచి ఉండి, లోపల పసుపు రంపాలు వరసగా కనిపిస్తే నమస్కారం పెట్టి ముందుకు సాగండి. “ఇవన్నీ నడుస్తాయా?” అని మాత్రం అడక్కండి. అడిగితే ఆ పూటకు ఇంటి భోజనం మీద ఆశ వదులుకోండి.