చెవిలో దోమల బ్యాట్

సికింద్రాబాద్‌లో హై వోల్టేజి చేతబట్టని మనిషి ఉండడు. పొద్దు గూకితే చాలు, మారేడ్‌పల్లి నుంచి తిరుమలగిరి దాకా ఏ వరండాలో చూసినా దోమల బ్యాట్ టపటపలే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ ఈ ఊళ్లోనే దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. అయిదేళ్లకు నోబెల్ అందుకున్నాడు. నేరం రుజువు చేసి ఆయన వెళ్లిపోయాడు, శిక్ష అమలు చేసే పని మనకు అప్పజెప్పాడు. ఆ పనికి మన ఆయుధం ప్లాస్టిక్ బ్యాట్. పిడిలో నాలుగు వోల్టుల బ్యాటరీ, దాన్ని వెయ్యి వోల్టుల దాకా ఎగదోసే చిన్న సర్క్యూట్, పైన తీగల వలలు. దోమ మధ్యలో దూరగానే అక్కడ పోగుపడ్డ ఛార్జి నిప్పురవ్వై దూకుతుంది.

ఆ వోల్టుల విద్యే ఇప్పుడు చెవిలోకి దిగిందట. ఈమధ్య వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ బేరం చేస్తుంటే "ఎలక్ట్రోస్టాటిక్" అనే మాట వినబడుతోంది. అది చిన్న మాట కాదు. శబ్దం గురించి పట్టింపు ఉన్నవాళ్లు ఆ మాట విని లేచి నిలబడతారు. లేచినవాళ్ల జేబు తేలికవడం ఎంతసేపు?

మామూలు స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది, తీగచుట్ట ఉంటుంది. కరెంటు పారితే చుట్ట ఊగుతుంది, దానికి అతికించిన పొర ఊగుతుంది, మనకు పాట. ఎలక్ట్రోస్టాటిక్‌లో అయస్కాంతమూ లేదు, చుట్టా లేదు. ఒకటి రెండు మైక్రాన్ల మందం ప్లాస్టిక్ పొరకి వందల వోల్టుల ఛార్జి ఎక్కించి, చిల్లులున్న రెండు లోహపు పలకల మధ్య బిగిస్తారు. ఆ ఛార్జి నిలబెట్టే వోల్టేజినే బయాస్ అంటారు. పాట తాలూకు వోల్టేజిని పలకలకిస్తే ఒకటి లాగుతుంది, ఇంకొకటి తోస్తుంది. పొరకి బరువన్నదే లేదు కనుక చెప్పిన మాట చెప్పినట్టు వింటుంది. ఆ స్వచ్ఛత నిజమే, నాకు దాంతో తగవు లేదు. ఇంగ్లండులో పీటర్ వాకర్ 1957లో అమ్మకానికి పెట్టిన క్వాడ్ స్పీకర్లకు ఇవాళ్టికీ భక్తులున్నారు. 1960లో జపాన్ స్టాక్స్ కంపెనీ ఆ పద్ధతినే హెడ్‌ఫోన్‌లోకి దించింది. వాళ్ల ప్రో బయాస్ 580 వోల్టులు. అందుకే ఆ హెడ్‌ఫోన్‌ని గోడ ప్లగ్గుకు తగిలించే ప్రత్యేకమైన డబ్బాకు కట్టేయాలి.

చెవిలో దూరేంత చిన్నగా చేసినవాళ్లూ ఉన్నారు. 2015లో అమెరికా ష్యూర్ కంపెనీ కేఎస్ఈ1500 తెచ్చింది. బయాస్ 200 వోల్టులు, ధర మూడు వేల డాలర్లు. అప్పటి లెక్కన మన రెండు లక్షలకు కాస్త తక్కువ. దానికీ వైరుంది. వైరు చివర జేబులో పెట్టుకునే యాంప్లిఫయర్ ఉంది. ప్రపంచంలో పేరున్న ఇంజనీర్లు చెవిలోకి పొరను పంపగలిగారు గానీ, ఆ డబ్బాను మాత్రం బయటే ఉంచారు.

మన పార్క్‌లేన్ పక్క సందులో ఆ డబ్బా కూడా మాయమైంది. ధర పదమూడు వందలు. "ఎలక్ట్రోస్టాటిక్ సార్, కొత్త టెక్నాలజీ" అన్నాడు కొట్లో కుర్రాడు.

"బయాస్ ఎంత తమ్మీ?"

"బాసా? ఫుల్ బాసు సార్! చెవులు అదురుతయ్."

పాపం, వాణ్ణి అని లాభం లేదు. వాడికి అట్టడబ్బా మీద ఉన్నదే వేదం. అయినా పలకల మధ్య సందు ఎంతో పొర ఊగడానికి చోటు అంతే కాబట్టి, ఈ జాతి స్పీకర్లకు మొదట్నుంచీ ఉన్న అపకీర్తే బాసు తక్కువని. అమ్మేవాడు పొగడక పొగడక దాని బలహీనతనే పొగిడాడు.

లెక్క చేద్దాం, కాగితం కూడా అక్కర్లేదు. ఇయర్‌బడ్‌లో పట్టే బ్యాటరీ యాభై మిల్లీఆంపియర్-అవర్ అనుకోండి, 3.7 వోల్టులు. మొత్తం 185 మిల్లీవాట్-అవర్లు. ఆరు గంటలు పాడాలంటే బ్లూటూత్, చిప్పు, మైకులు, స్పీకరు అన్నీ కలిసి ముప్ఫై మిల్లీవాట్లలో కాపురం చెయ్యాలి. బయాస్ సంగతి సులువే, అది కరెంటు తాగదు. తాగేది యాంప్లిఫయర్. పాటను కూడా వందల వోల్టుల ఎత్తున ఊపాలి మరి. నాలుగు వందల వోల్టుల మీద పావు మిల్లీఆంపియర్ నడిచినా వంద మిల్లీవాట్లు ఖర్చు. ఆ ఒక్క పద్దుకే బ్యాటరీ రెండు గంటల్లోపు చేతులెత్తేస్తుంది. డబ్బా మీద మాత్రం "యాభై గంటల ప్లేటైమ్".

"బయాస్ అక్కర్లేని రకం కూడా ఉంది కదా" అనే చదువుకున్నవాళ్లు ఉంటారు. ఉంది. ముందే ఛార్జి నింపి గడ్డకట్టించిన పొర, ఎలక్ట్రెట్. దాంతో 1962లో బెల్ ల్యాబ్స్‌లో సెస్లర్, వెస్ట్ అనే ఇద్దరు మైకు చేశారు. మన ఫంక్షన్ హాల్ యాంకరు కాలరుకు వేలాడేది చాలావరకు దాని సంతానమే. మైకు వినే పని చేస్తుంది, కాబట్టి గడిచిపోయింది. మాట్లాడే పని చెయ్యాలంటే పాట వోల్టేజి మళ్లీ కావాల్సిందే. ఆషాఢం ముసురులో, చెమటా గుబిలీ నిండిన చెవిలో ఆ ఛార్జిని కారిపోకుండా కాపాడటం ఇంకో తలనొప్పి.

ఈ వోల్టేజిని తగ్గించడానికి నిజంగా తల బద్దలుకొట్టుకుంటున్నవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు డబ్బాలు అచ్చేయించరు. లాగుడు బలం వోల్టేజిని సందుతో భాగిస్తే వచ్చేదానికి వర్గంగా పెరుగుతుంది. సందు సగమైతే సగం వోల్టేజి చాలు. కాబట్టి సందును మైక్రాన్లలోకి దించితే ఇయర్‌బడ్‌కి అందే వోల్టేజితో పని జరగాలి. జరగదు. చదునైన పలక సందులో మూడో వంతు దాటి కదిలిందంటే ఇక ఆగదు, ఎదుటి పలకకు ఠక్కున అతుక్కుపోతుంది. ఈ చిక్కును దాటడానికే జర్మనీలో డ్రెస్డెన్‌లోని ఫ్రాన్‌హోఫర్ సంస్థవాళ్లు పొరను వదిలేసి, సిలికాన్ చిప్పులోపల సన్నని కడ్డీలను వరసలుగా చెక్కి, అవి పక్కలకు వంగుతూ గాలిని నెట్టేలా చేశారు. ఆ పని పట్టుకుని ఆరియోసో అనే కంపెనీ పుట్టింది. 2022లో బాష్ దాన్ని కొనేసింది. ఏళ్ల తరబడి చేసిన పని అది. మన డబ్బా మీద మాటకు పట్టింది ఒక రాత్రి ప్రింటింగు.

2023 నుంచి చిప్పు స్పీకర్లున్న ఇయర్‌బడ్స్ బజారులో దొరుకుతున్న మాట నిజమే. ఆ చిప్పులు ఎక్స్‌మెమ్స్ కంపెనీ తయారీ, క్రియేటివ్ అనే కంపెనీవాళ్లు వాడారు. కానీ అవి పీజో రకం. స్ఫటికపు పూత వోల్టేజికి వంగి గాలిని కదుపుతుంది. దానికీ ఎలక్ట్రోస్టాటిక్‌కీ చుట్టరికం దూరం. బాసు కోసం దాని పక్కన పాత తీగచుట్ట స్పీకర్‌నే కూర్చోబెట్టారు. ఇంకో విడ్డూరం చెప్పాలి. అరవై ఏళ్లు ఎలక్ట్రోస్టాటిక్ జపం చేసిన స్టాక్స్ పేరు తగిలించుకుని 2022లో ఒక వైర్‌లెస్ హెడ్‌ఫోన్ వచ్చింది. లోపల ఉన్నది అయస్కాంతాలే! గుడి పూజారే మడి విప్పేసిన చోట మన సందు కొట్లు నిష్ఠగా నిలబడ్డాయి.

కొంగరకలాన్ మనకెంత దూరం? ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే వెళ్లిపోతాం. అక్కడి ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో 2025 నుంచి యాపిల్ కంపెనీ ఎయిర్‌పాడ్స్ తయారవుతున్నాయి. పాతికవేలకు జత అమ్మగల యాపిల్, డబ్బుకు కరువు లేని కంపెనీ, ఆ బుల్లి గుల్లలో ఈనాటికీ చుట్టనూ అయస్కాంతాన్నే నమ్ముకుంది. వాళ్లకు చేతకానిది పదమూడు వందలకు మనకు దొరుకుతోందంటే ఊరు గర్వపడాలి.

పోనీ స్పీకర్ అద్భుతమే అనుకుందాం. దానిదాకా చేరేదేమిటి? సీడీలో పాట సెకనుకు 1,411 కిలోబిట్లు. బ్లూటూత్‌లో అందరికీ ఉండే ఎస్‌బీసీ దారిలో పట్టేది బాగా పడితే 328. అదీ యూట్యూబ్‌లో ఎవరో ఎక్కించిన పాత సినిమా పాటైతే ముందే ఒకసారి నలిగి ఉంటుంది. ఆపైన ప్యారడైజ్ చౌరస్తాలో సిటీ బస్సు హారన్ దాని మీద కూర్చుంటుంది. ఈ ఊరేగింపు చివర ఒకటిన్నర మైక్రాన్ల పొర భక్తిగా కంపించాలి.

కొట్లవాళ్లు ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు చూపించి "గవర్నమెంటోళ్లే టెస్ట్ చేసిన్రు" అంటారు. అది భద్రతకు సంబంధించిన పరీక్ష. కాలదు, షాక్ కొట్టదు అని చెబుతుంది. బాగా పాడుతుందని ఏ ప్రభుత్వమూ పూచీ పడలేదు.

అందుకని నాదొక డిమాండు. ఎలక్ట్రోస్టాటిక్ అని రాసుకునే ప్రతివాడూ ఆ మాట కిందే మూడు అంకెలు అచ్చెయ్యాలి. బయాస్ ఎన్ని వోల్టులు, పలకల మధ్య సందు ఎన్ని మైక్రాన్లు, ఆ రెండూ పనిచేస్తుండగా బ్యాటరీ ఎన్ని గంటలు. డబ్బా చిన్నది, చోటు చాలదు అంటారేమో. "స్టూడియో సౌండ్" తీసేస్తే బోలెడు చోటు.